నీరుగంటి ఎడమ చెవి

“ఘాటు దిగేటప్పుడు పాప చెవులు పగిలిపోతే?”

ఈ ప్రశ్న మిషను ఆసుపత్రి డాక్టరమ్మను నేను మూడుసార్లు అడిగాను. మొదటిసారి ఆమె నవ్వింది. రెండోసారి పాప చెవుల్లోకి లైటు వేసి చూసి, బంగారంలా ఉన్నాయంది. మూడోసారి పాపను చూడనేలేదు. నాకు నిద్ర పట్టడానికి మందు రాసిచ్చింది.

అది 1945. యుద్ధం ముగిసిన ఏడు. మా ఆయన మద్రాసులో మిలిటరీ ఆసుపత్రిలో కాంపౌండరు. యుద్ధం ముగిసినా సెలవు దొరకలేదు. పాప పుట్టి ఏడు నెలలైంది, కన్నతండ్రి ఇంకా దాని ముఖం చూడలేదు. కాబట్టి మేమే వెళ్ళాలి. మదనపల్లెలో బస్సెక్కి, పుంగనూరు, పలమనేరు దాటి, మొగిలి ఘాటు దిగి చిత్తూరు చేరి, అక్కడినుంచి కాట్పాడి పోయి రైలు పట్టుకోవాలి. కుప్పం పోయి అక్కడే రైలెక్కుదామా అని కూడా ఆలోచించాను. కానీ మద్రాసు సముద్రం పక్కన ఉన్నంతకాలం ఏ దారిన పోయినా కొండ దిగాల్సిందే.

మా వీధిలో వేరే తల్లులకు ఈ భయం లేదు. వాళ్ళు పిల్లల్ని చంకనేసుకుని తిరుపతికీ వేలూరుకూ దిగి వస్తూనే ఉన్నారు. నేను బి.యస్సీ. చదివినదాన్ని. మాస్టర్లు యుద్ధానికి పోయాక మిషను హైస్కూల్లో సయన్సు నేనే చెప్పేదాన్ని. స్కూలు బారోమీటరు చూసి, ఘాటు పై ఎత్తూ కింది ఎత్తూ తెలుసుకుని, కాగితం మీద లెక్క కట్టాను. ఘాటు దిగేసరికి పాదరసం ఒక ఇంచీ, ఇంచిలో అయిదోవంతూ పైకెక్కుతుంది. ఆ మేరకు గాలి బరువు పాప చెవుల మీద పడుతుంది. అంకె లేని భయం ఒక రకంగా నయం. ఆదివారం ప్రార్థనలో దేవుడి మీద వేసి తేలిగ్గా ఇంటికి రావచ్చు. అంకె తేలాక ఆ భయాన్ని మనమే మోసుకు తిరగాలి.

“ఇంగెన్నాళ్ళు వాయిదా యేస్తావు జయశీలా?” అనేది మా అత్త మణెమ్మ. “ఇట్లే అయితే దీని పెండ్లి నాటికి గూడా మావాడు దీన్ని సూడడు.”

ఆ భయంలో ఉన్న రోజుల్లోనే నేను ఒక మనిషికి అన్యాయం చేశాను. కావాలని కాదు. చాలా జాగ్రత్తగా, నాలుగుసార్లు ఆలోచించి చేశాను.

ఆ మనిషి పేరు మునెయ్య. మాకు ఆరు మైళ్ళ దూరంలో, నిమ్మనపల్లె పోయే దారికి లోపలగా ఉన్న రాళ్ళవంకపల్లెకు నీరుగంటి. నీరుగంటి అంటే చెరువు నీళ్ళు పొలాలకు పంచేవాడు. ఎవరి మడికి ఏ పూట, ఎంతసేపు నీళ్ళు వదలాలో అతను చెప్పిందే మాట. అన్నదమ్ములు తలలు పగలగొట్టుకునే ఊళ్ళో కూడా నీరుగంటి పార తీసి మడవ కట్టేసి నీళ్ళు ఆపేస్తే ఎదురు చెప్పేవాడు లేడు. అది తాతల నాటినుంచి వచ్చే పని. అందుకు చెరువు కింద ఎకరా మాన్యం ఉంది. పని పోతే మాన్యం కూడా పోతుంది.

రెండు గుట్టల మధ్య కట్ట వేసి వంకను ఆపగా ఏర్పడిన చెరువు అది. నిండితే కట్ట పక్కన ఏడు నిలువుల, అంటే ఏడుగురు మనుషుల ఎత్తు లోతు ఉంటుంది. తూము మూడు నిలువుల లోతులో ఉండేది. రాతిలో ఒక కన్నం, దాన్ని మూసే కట్టెమొద్దు, అంతే. నీళ్ళు వదలాలంటే మునెయ్య ఊపిరి బిగబట్టి గడ్డపారతో మునగాలి. ఒక్కసారిగా మొద్దు పెరికెయ్యడు. వేలు పట్టేంత సందు చేసి పైకొస్తాడు. కట్ట మీద కూచుని వక్కాకు నములుతాడు. అతని నోరు పండేలోగా, తూము దగ్గర తిరిగే చేపలు ఆ లాగుడు తెలుసుకుని తప్పుకుంటాయి. మళ్ళీ మునిగి ఇంకాస్త కదిలిస్తాడు. మళ్ళీ వక్కాకు. మూడోసారికి తూము పూర్తిగా తెరుచుకుంటుంది. తూము ఎత్తడానికి ఎంతసేపు పడుతుందని ఎవరన్నా అడిగితే ఊళ్ళోవాళ్ళు మూడు వక్కాకులు అనేవాళ్ళు.

పన్నెండేళ్ళప్పుడు తండ్రి అతన్ని మొదటిసారి మునగనిచ్చాడట. నిలువు నిలువుకూ ఆగి ఉమ్ము మింగాలని నేర్పాడు. మునెయ్య రెండు నిలువులు అట్లాగే దిగి, మూడోది తొందరలో మింగకుండా దిగాడు. ఎడమ చెవిలో టపీమంది. అప్పటినుంచి ఆ చెవి పనిచేయలేదు. అరవై దాటినా ఎవరితో మాట్లాడినా కుడి చెవి ముందుకు పెట్టేవాడు. తిట్టదలచుకున్నవాళ్ళను ఎడమ పక్కకు వచ్చి తిట్టమనేవాడు.

ఈ ఏర్పాటంతా ఇట్లా నడుస్తుండగా శంకరప్ప వచ్చాడు. ఆయన కుప్పం మనిషి, పుంగనూరులో శనక్కాయల నూనె మిల్లు ఉంది. రాళ్ళవంకపల్లెలో ఇంకో మిల్లు పెట్టాలనుకున్నాడు. యుద్ధకాలంలో ఇంజనుకు డీజిలు దొరకదు. నీలగిరిలో మూతబడిన ఒక టీ తోటలో పాత టర్బైను ఉందని తెలిసి కొనేశాడు. అది రైల్లో కుప్పం వచ్చింది. కుప్పం నుంచి ఎద్దుల బండ్ల మీద వచ్చింది. పుంగనూరులో ఎవరో దాన్ని కొత్త రథం చక్రమనుకుని పసుపు పూసి టెంకాయ కొట్టారు. శంకరప్ప వద్దనలేదు.

చెరువు ఎండిన వేసవిలో కట్ట అడుగున ఇనుప గొట్టం దూర్చి, కట్ట అవతల షెడ్డులో టర్బైను బిగించారు. వానలకు చెరువు నిండాక, నీళ్ళు ఏడు నిలువుల లోతునుంచి గొట్టంలోకి దూకి, చక్రాన్ని తిప్పి, కాలువలో పడి పొలాలకు పోతాయి. కట్ట మీద తిప్పుడు చక్రం ఒకటి పెట్టారు. దాన్ని గిర్రున తిప్పితే గొట్టం మొత్తం ఒకేసారి తెరుచుకుంటుంది. మునగనక్కరలేదు, వక్కాకు అక్కరలేదు. పాత తూమును సున్నంతో మూసేశారు. తాసీల్దారు మకాం బంగళాకు ఒక బల్బు వేయించారు. ప్రారంభోత్సవం నాడు పట్టపగలు ఆ బల్బు వెలిగించారు. అందరూ ఎండలో నిలబడి, కళ్ళు చికిలించి, వెలిగిందనే నమ్మి చప్పట్లు కొట్టారు.

రైతులకు మాత్రం ఒక దిగులు పట్టుకుంది. వెన్న తీసిన పాలు మజ్జిగవుతాయి. కరెంటు తీసిన నీళ్ళు ఏమవుతాయి? ఆ సారం లేని నీళ్ళు మడికి పారితే వరి ఎట్లా పండుతుంది? ఊరు ఊరంతా కలిసి తాసీల్దారుకు అర్జీ పెట్టింది. తీసిన కరెంటును కాలువలో పడేముందు మళ్ళీ నీళ్ళలో కలిపి పంపాలి, లేదా మజ్జిగ నీళ్ళకు తగినట్టు నీటితీరువ తగ్గించాలి. వేలిముద్రల మధ్య నాలుగు సంతకాలు కూడా ఉన్నాయట.

రెండో వారంలో కాలువలో చచ్చిన చేపలు తేలాయి. రోజూ బుట్టెడు. కళ్ళు గుంటల్లోంచి బయటికి ఉబికి, పొట్టలు ఉబ్బి, కొన్నిటికి కడుపు సంచి నోట్లోంచి బయటికి వచ్చి ఉంది. రైతులకు కావలసిన రుజువు దొరికింది. సారం లేని నీళ్ళలో చేప కూడా బతకదు. మిల్లు ఆపాలన్నారు.

శంకరప్పకు ఇప్పుడు వేరే కారణం కావాలి. వెతికితే మునెయ్య కనబడ్డాడు. ప్రారంభోత్సవం నాడు, మూసేసిన తూముకు ఎదురుగా కట్ట మీద నిలబడి, “నీ చక్రం ఎన్నాళ్ళు తిరుగుతాదో సూస్తాలేప్పా” అని పదిమందిలో అన్నాడు. పైగా రోజూ తెల్లారి కాలువ వెంట సంచి పట్టుకుని తిరుగుతున్నాడు. జెముడు పాలు కలిపి చేపలు పట్టే విద్య ఆ పక్క ఊళ్ళల్లో అందరికీ తెలుసు. తూములో మునిగే పని పోయిన కసితో నీళ్ళలో విషం కలిపాడని శంకరప్ప తాసీల్దారుకు చెప్పాడు. బంగళాలో బల్బు కింద కూచుని విన్నందువల్లనో ఏమో, తాసీల్దారుకు అది నిజమనిపించింది. అయినా న్యాయమైన మనిషి కాబట్టి, ఒక సీసా కాలువ నీళ్ళు మా స్కూలుకు పంపి, విషముందో లేదో తేల్చమన్నాడు.

మా స్కూల్లో ఉన్నవి లిట్మసు కాగితాలు, నాలుగు సీసాల ఆమ్లాలు, ఒక స్పిరిట్ దీపం. వాటితో చేయగలిగిందంతా చేశాను. ఏమీ కనబడలేదు. కనబడలేదని రాసి ఊరుకోవచ్చు. కానీ నేను పసిబిడ్డ తల్లిని. నా మాట నమ్మి ఏ తల్లో ఆ నీళ్ళు బిడ్డకు పోస్తే? అందుకని ఇట్లా రాశాను: “విషం కనబడలేదు. అయితే లేదని నిశ్చయంగా చెప్పలేను.”

ఆ రెండో వాక్యం చూసుకుని నాకు గర్వంగా ఉండింది. కాలేజీలో అయితే దానికి మార్కులు వేసేవాళ్ళు. తాసీల్దారు రెండో వాక్యం మాత్రమే చదివాడు. సయన్సు టీచరమ్మ కూడా విషం లేదని చెప్పలేకపోయింది అని ఊరికి చెప్పాడు. వచ్చే సోమవారం విచారణ. అంతవరకు మునెయ్య కట్ట ఎక్కకూడదు. ఆ రోజు సరైన జవాబు చెప్పుకోలేకపోతే నీరుగంటి పనీ మాన్యమూ తీసేస్తారు, ఆపైన కేసు.

ఇది నాకు తెలియదు. నేను ఇంట్లో పాపకు పోసే నీళ్ళు రెండుసార్లు కాచడం మొదలుపెట్టాను. మా బావికీ ఆ చెరువుకూ మధ్య ఆరు మైళ్ళ నేల ఉంది.

శనివారం పొద్దున ఒక ముసలాయన వాకిట్లోకి వచ్చి, భుజం మీది కుండ దించి, మెట్టు కింద నిలబడ్డాడు.

“సయన్సు టీచరమ్మ ఇల్లు ఇదేనా?”

“ఇదే. మీరెవరు?”

“నేను మునెయ్యను. నువ్వు రాసిన కాగితంతో విషం కలిపినోణ్ణయిన మునెయ్యను.”

పాపను గట్టిగా పట్టుకున్నాను. మా అత్త లోపల్నుంచి వచ్చింది.

“ఎండలో యాల నిలబడ్తావుప్పా? పైకి రా.”

“ఈ పక్కనుంచి సెప్పమ్మా, ఆ సెవి లేదు.”

“యాడికి పోయింది?”

“తూముకిచ్చినా.”

“తూమా? నువ్వు నీరుగంటివా?” మా అత్త ముఖం విప్పారింది. “మా తాత గూడా నీరుగంటేప్పా! పెద్దమండ్యం పక్క.”

“అట్లయితే మనం మనం ఒకటేలే. ఈ టీచరమ్మ మీ కోడలా?”

“ఊ.”

“అయ్యో పాపం,” అన్నాడు మునెయ్య. ఎవరి గురించి అన్నాడో చెప్పలేదు. పైకొచ్చి అరుగు మీద కూచున్నాడు. మా అత్త మేము తాగే గ్లాసులోనే కాఫీ పోసిచ్చింది. అతను గ్లాసును కాసేపు చూసి, తాగాడు.

తర్వాత కుండలోంచి ఆకులో చుట్టిన చేపను తీసి నా ముందు విప్పాడు. కొరమీను. కళ్ళు రెండూ బొడిపెల్లా బయటికి వచ్చి ఉన్నాయి.

“సూడమ్మా. విషం తాగిన సేప ఇట్లుంటాదా? జెముడు పాలేస్తే సేప పైకొచ్చి నోరు తెరిసి ఆయాసపడ్తాది. మత్తుగా తిరుగుతాది. కండ్లు ఇట్ల రావు. నేను పొద్దున్నే సంచిలో యేసుకొనేది ఇవే. సచ్చినోటిని ఏరకపోతే ఎట్ల సచ్చినాయో ఎట్ల తెలుస్తాది?”

“తెలిసిందా మరి?”

“సగం తెలిసింది. మా ఇంటిది నాగమ్మ నలబై యేండ్లుగా మీ మదనపల్లె సంతలో సేపలు కోస్తాండాది. సేప పొట్టలో గాలితిత్తి ఒకటి ఉంటాది గదా, తెల్లగా? దాన్ని ఆమె పారేయకుండా పిల్లోళ్ళకిస్తాది, టప్పుమని తొక్కి పేలుస్తారు. ఈ కాలవ సేపల్లో ఒక్కదాంట్లో గూడా పేల్చడానికి తిత్తి లేదంట. అన్నీ ముందే పేలుండాయి. విషం తిత్తిని పేలుస్తాదా? అది నువ్వు సెప్పు. నాకు తెలిసింది నేను సెప్తా.”

అతనికి తెలిసింది ఇది. కిందికి దిగేకొద్దీ నీళ్ళు నొక్కుతాయి. పైకొచ్చేకొద్దీ వదులుతాయి. అడుగున తిరిగే చేప ఆ నొక్కుడుకు తగినట్టు తన తిత్తిలో గాలి నింపుకుని ఉంటుంది. గాలానికి పడినదాన్ని ఒక్కసారిగా పైకి లాగితే పొట్ట ఉబ్బి వస్తుంది, నిదానంగా లాగితే అంత ఉబ్బదు.

“ఆ ఇనప గొట్టం మూతి ఏడు నిలువుల కింద ఉండాది. చక్రం గిర్రున తిప్పుతారు. సేప దాంట్లో పడితే, నువ్వు గుటక మింగేలోగా అవతల కాలవలో ఉంటాది. ఏడు నిలువులు ఒక్క గుటకలో! మూడో నిలువు తొందరపడినందుకే నా సెవి పాయె. అది సేప, దానికి తిత్తి పోదా?”

నేను చేపనే చూస్తున్నాను. ప్రతి జూన్ నెలలో నేను పిల్లలకు బాయిల్ సూత్రం చెబుతాను. వంచిన గాజుగొట్టం, పాదరసం, నల్లబల్ల మీద గీత. ఒత్తిడి సగమైతే గాలి పరిమాణం రెట్టింపు. ఏడు నిలువుల నీళ్ళంటే దాదాపు మన నెత్తిమీద ఉన్న గాలంత బరువు. అది తీసేస్తే తిత్తిలో గాలి రెట్టింపవుతుంది. నాలుగేళ్ళుగా చెబుతున్నాను. ఆ గాజుగొట్టంలో ఒక చేప ఉండవచ్చని నాకెప్పుడూ తోచలేదు.

“రెట్టింపే కాదు మునెయ్యా,” అన్నాను. “టర్బైను చక్రం దాటాక కిందికి దిగే గొట్టం నీళ్ళను పీలుస్తుంది. అక్కడ ఒత్తిడి బయటి గాలికంటే కూడా తక్కువకు పడిపోతుంది. తర్వాత కాలువలో మళ్ళీ మామూలవుతుంది.”

“గాలికన్నా తక్కువా? గాలికన్నా తక్కువ యాడన్నా ఉంటాదా?”

“మా స్కూల్లో ఉంది. పంపుతో గాలి లాగేసిన గాజు గంటలో.”

అతను నన్ను అనుమానంగా చూసి, కుడి చెవి మరింత ముందుకు పెట్టాడు.

సోమవారం విచారణ ఉందని మునెయ్య చెప్పాక, అది తాలూకా కచేరీలో కాకుండా మా స్కూల్లో జరగాలని హెడ్మాస్టరు చేత తాసీల్దారుకు చీటీ రాయించాను. విదేశీ యంత్రం చూపిస్తామని రాస్తే ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. బల్ల మీద ఇత్తడి గాలిపంపు, గాజు గంట పెట్టాను. తాసీల్దారు కుర్చీలో, శంకరప్ప ఆయన పక్కన బెంచీ మీద. మునెయ్య, అతని భార్య నాగమ్మ తలుపు దగ్గర నిలబడ్డారు. కుండలో రెండు బతికున్న చేపలు తెచ్చారు, ఒక గెండె, ఒక కొరమీను. రెండూ జానెడుకు మించవు.

“ముందే సెప్తాండా దొరా,” అన్నాడు మునెయ్య. “గెండె దక్కుతాది. కొరమీను దక్కదు.”

“ఎందుకట్లా?”

“గెండెకు తిత్తినుంచి నోటికి దారుండాది, గాలి కక్కేస్తాది. కొరమీనుకు ఆ దారి లేదు. నాగమ్మను అడుగు, కోసి సూపిస్తాది.”

“వద్దులే,” అన్నాడు తాసీల్దారు.

రెండు చేపల్నీ నీళ్ళ గ్లాసుల్లో వేసి, గంట మూసి, పంపు కొట్టడం మొదలుపెట్టాను. పది పోట్లు వేసినా ఏమీ కాలేదు. శంకరప్ప దగ్గాడు. “సుమ్మనే కాలం పోతాంది సార్.” నేను పంపు ఆపలేదు. పంపు తోలు ఎండిపోయిందేమో, గాలి పట్టడం లేదేమో. నావల్ల ఒకసారి మునెయ్య పరువు పోయింది, ఈసారి పనీ మాన్యమూ కూడా పోతాయి.

ఇరవయ్యో పోటుకు గెండె తలకిందులుగా పైకి తేలింది. నోరు తెరిచి బుడగలు కక్కింది, ఒకటి, రెండు, తర్వాత వరుసగా. కొరమీను కూడా తేలింది. కానీ ఒక్క బుడగా రాలేదు. పొట్ట గట్టిపడి గుండ్రమైంది. కళ్ళు మెల్లగా ముందుకు వచ్చాయి. కాలువలో తేలిన చేపల కళ్ళు అవే.

“సాలమ్మా,” అన్నాడు మునెయ్య. “గాలి వదులు. నిదానంగా.”

వదిలాను. గెండె బుడుంగున అడుక్కి మునిగి, అక్కడ పడుకుని మొప్పలాడించింది. కొరమీను ఒక్కసారి తోక కొట్టి, పక్కకు ఒరిగిపోయింది. నాగమ్మ దాన్ని తీసి, అడగకముందే, బల్ల అంచు మీద చిన్న కత్తితో చీల్చింది. తిత్తి చినిగి ఉంది. అదే చేత్తో సంచిలోంచి కాలువ చేపను తీసి దాని పక్కన చీల్చింది. రెండూ ఒకేలా ఉన్నాయి.

శంకరప్ప లేచాడు. “సరేనప్పా. దానికి నేనేం జేస్తా? ఆ సేపల్ని గొట్టంలోకి పొమ్మని ఎవురన్నారు?”

“నీళ్ళు అన్నాయి,” అన్నాడు మునెయ్య.

“నిన్ను గూడా ఆ గాజు గంట కింద పెడితే తెలుస్తాది లేప్పా, ఎవురు పొమ్మన్నారో,” అంది నాగమ్మ, కత్తి తుడుచుకుంటూ.

తాసీల్దారు పంపు వంక చూస్తూ అది ఏ దేశంలో చేశారని అడిగాడు. చెప్పాను. ఆయనకు దాంతో సగం నమ్మకం కుదిరింది. తర్వాత నా వైపు తిరిగాడు. “విషం కాదంటారు. నిశ్చయంగా చెప్పగలరా?”

కాలేజీలో నేర్పిన వాక్యం నాలుక చివరికి వచ్చింది. రెండు చేపలతో చేసిన ఒక్క ప్రయోగం, దాంతో నిశ్చయంగా చెప్పలేను అని. తలుపు దగ్గర మునెయ్య కుడి చెవి ముందుకు పెట్టి నిలబడి ఉన్నాడు.

“చెప్పగలను,” అన్నాను. “విషం కాదు.”

‘అయితే’ అనే రెండో వాక్యం ఈసారి కలపలేదు.

తాసీల్దారు హుకుం వారానికి వచ్చింది. చేపల మరణానికి కారణం మదనపల్లె సయన్సు టీచరమ్మ పరిశోధించి కనుక్కున్నట్టు అందులో ఉంది. మునెయ్య పేరు ఒకేచోట ఉంది, నిర్దోషి అని. నీరుగంటి పని, మాన్యం అతనికే ఉంచారు. కట్ట మీది చక్రం తిప్పే పని కూడా అతనికే ఇచ్చి, గేటు ఆపరేటరు అని పేరు పెట్టారు. సిగ్గుపడుతూనే ఆ హుకుం అతనికి చదివి వినిపించాను.

“కనుక్కున్న పేరు నువ్వే ఉంచుకోమ్మా,” అన్నాడు. “తూము పని నాకు ఉంచినారు గదా.”

చక్రం అతని చేతికి వచ్చాక మొదటిరోజే శంకరప్ప మిల్లు ఆలస్యంగా తిరిగింది. మునెయ్య చక్రాన్ని నాలుగోవంతు తిప్పి, కూచుని, వక్కాకు వేసుకున్నాడు. శంకరప్ప నడుం మీద చెయ్యి పెట్టుకుని కట్ట మీద అటూ ఇటూ తిరిగాడు. మూడో వక్కాకు అయ్యాక గాని టర్బైను పూర్తిగా తిరగలేదు. ఆ తర్వాత మునెయ్య వెదురుతో పెద్ద తడిక అల్లి, రాళ్ళు కట్టి తాళ్ళతో కిందికి దించి, గొట్టం మూతికి ఆనించకుండా, లాగుడు తక్కువగా ఉండేంత దూరంలో నిలబెట్టాడు. మూతి దగ్గరే పెడితే చేపలు తడికకే అతుక్కుని చస్తాయన్నాడు. చావులు బాగా తగ్గాయి. పూర్తిగా ఆగాయని రాస్తే అబద్ధం. తడిక సందుల్లోంచి పోయే వేలెడు పిల్లలు ఇప్పటికీ పోతున్నాయి.

కాలువలో చేపలు తేలడం తగ్గేసరికి రైతులు అర్జీ వెనక్కు తీసుకున్నారు. తడిక పెట్టి శంకరప్ప కరెంటును మళ్ళీ నీళ్ళలో కలుపుతున్నాడని వాళ్ళకు రూఢి అయింది. నేనొకసారి పోయి అరగంట వివరించాను. శ్రద్ధగా విన్నారు. చివరికి ఒక పెద్దాయన, “అదేమ్మా మేమూ సెప్పేది,” అన్నాడు.

ఆ నెలాఖరులో మునెయ్య మాకు ఒక గెండె తెచ్చాడు. గాజు గంటలో పెట్టినదే, బతికిందట. దాన్ని మా చేత తినిపించాలని అతని పంతం. మా అత్త అరుగు మీద కూచుని చేప తోముతూ కోడలి సంగతి మొత్తం చెప్పేసింది.

“పిల్లనెత్తుకొని మొగుడి దగ్గిరికి పోదప్పా. ఘాటు దిగితే సెవులు పగుల్తాయంట. ఏదో పాదరసం లెక్క.”

“ఎంత లెక్కమ్మా?” అన్నాడు నా వైపు తిరిగి.

“ఒక ఇంచీ, అయిదోవంతు.”

“అది పాదరసం. నాకు నీళ్ళల్లో సెప్పు.”

పాదరసం నీళ్ళకంటే పదమూడున్నర రెట్లకు పైగా బరువు. గుణించాను. ఇన్నాళ్ళూ ఆ గుణకారం చేయలేదు. “పదహారు ఇంచీలు.”

అతను లేచి నిలబడి, నేలనుంచి జానతో కొలుచుకుంటూ పైకి వచ్చాడు. చెయ్యి మోకాలి దగ్గర ఆగింది.

“మోకాల్లోతు,” అన్నాడు. “మొగిలి ఘాటంతా కలిపి మోకాల్లోతు! దీనికేనా తల్లీ, మొగుణ్ణి ఏడు నెలలు ఎండబెట్టినావు?”

మా అత్త చేప పక్కన పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు కూడా నవ్వొచ్చింది, కాస్త కోపంతో. అతను మాత్రం కాసేపటికి నవ్వు మానేశాడు. వేలితో ఎడమ చెవి తట్టుకున్నాడు.

“నవ్వులాటకు అనినాలేమ్మా. ఈ సెవి పోయింది లోతుకు కాదు, తొందరకు. నొప్పొచ్చినాక మింగినా అది తెరుసుకోదు, బిగుసుకుపోతాది. రాకముందే మింగల్ల. నీ బిడ్డకు మింగమని సెప్తే తెలీదు గదా. పాలియ్యి. ఏడ్సినాక కాదు, ఏడవకముందే.”

మరుసటి వారం మేము మద్రాసు వెళ్ళాం. పలమనేరు దాటి, ఘాటు మొదలయ్యే మలుపు కనబడగానే పాపకు పాలిచ్చాను. అప్పటికది హాయిగా ఆడుకుంటోంది. పక్కసీటు పెద్దమ్మ, ఆకలి కాని బిడ్డకు ఎందుకమ్మా అంది. పాప కొండ కిందివరకు గుటకలు వేస్తూ తాగి, నిద్రపోయింది. నేనే మింగడం మరిచాను. చిత్తూరు దాకా నా చెవులు దిబ్బళ్ళు వేసి, కండక్టరు అడిగింది వినబడక రెండుసార్లు చెప్పించుకున్నాను.

ఇది జరిగి నాలుగేళ్ళు. పాపకు ఇప్పుడొక చెల్లెలు. మునెయ్య ఇంకా చక్రాన్ని నాలుగోవంతు తిప్పి వక్కాకు వేసుకుంటున్నాడు. మేము ఏటా రెండుసార్లు మద్రాసు దిగుతాం. డాక్టరమ్మను ఏమీ అడగను. బారోమీటరు చూడను. మలుపు కనబడగానే చిన్నదానికి పాలిస్తాను, పెద్దదాని నోట్లో బెల్లం ముక్క పెడతాను, నేనూ ఉమ్ము మింగుతాను. ఏడ్చినాక కాదు, ఏడవకముందే.